బెదురుమనిషి మజ్జిగ

బూర మోగింది. అసలు ఉప్పెనబూర కాదు, పరీక్షగది గోడలోంచి వచ్చే నకలు మోత. అసలైనా నకలైనా అది చెవినబడ్డ మరుక్షణం నూకరత్నం గుండె గొంతులోకి రావాలి, అరచేతులు చెమర్చాలి, మణికట్టుకు బిగించిన కంపమాని ముల్లు ఎర్రగీత దాటి అవతలికి దూకాలి. ఆమెకు జీతమిచ్చేది అందుకే.

ముల్లు లేచింది. ఎర్రగీత అంచుదాకా వెళ్ళి, దాటాలా వద్దా అని కాసేపు తటపటాయించి, వెంట్రుకవాసి అవతలికి ఒరిగి ఆగిపోయింది.

"ఏంటండీ రత్నంగారూ, ముల్లు బద్ధకిస్తోంది?" అద్దం అవతలనుంచి అడిగింది హైమవతి. నెమ్మదిశాలకు ఆవిడే పెద్ద. "ఒంట్లో బాగాలేదా?"

"రాత్రి నిద్రపట్టలేదండి. నీరసం," అంది నూకరత్నం.

పచ్చి అబద్ధం. రాత్రి మొద్దునిద్ర పోయింది. మొన్నా అంతే, అటుమొన్నా అంతే. గోడవాడ మొత్తంలో కంటిమీద కునుకు లేని మనిషంటూ ఉంటే అది తనే అయి ఉండాలి. అలాంటిది తలగడ మీద తల వాలిస్తే చాలు, గురక. ఇదేదో తనంతట తాను వచ్చిన నిద్ర కాదు. ఎవరో ఏదో పెడుతున్నారు. ఎవరు?

గోడవాడలో నెమ్మది తాగనిది ఆమె ఒక్కతే. మిగతా ఊరంతటికీ తెల్లవారకముందే వీధికుళాయిల్లో వెచ్చగా దిగుతుంది. బడిపిల్లలకు పాలల్లో కలిపి పోస్తారు. భయం లేనివాళ్ళమీద భయం తీసే మందును పరీక్షించడం కుదరదు కదా, అందుకని బెదిరే మనిషి ఒకరు కావాలి. పొద్దున ఏమీ ఇవ్వకుండా ఓసారి బూర. మధ్యాహ్నం ఆ రోజు కాచిన కషాయం ముందు కూర్చోబెట్టి, తలమీద దుప్పటి కప్పి, ఆవిరి పట్టించి మళ్ళీ బూర. రెండోసారి ముల్లు పడుకుంటే కషాయం తొట్టిలోకి, తొట్టిలోంచి మర్నాడు ఊళ్ళోకి. తాగితే రోజంతా పనిచేసేది ఆవిరిగా పీలిస్తే కాసేపట్లోనే దిగిపోతుంది. సాయంత్రానికి నూకరత్నం భయం నూకరత్నానికి వచ్చేస్తుంది, ఇంటికి పట్టుకుపోతుంది.

దారిలో ఎదురైనవాళ్ళు ఆటపట్టిస్తారు. "అదిగోనర్రా బెదురుమనిషి! తాడు కనబడితే పాము పామని అరుస్తుంది, తప్పుకోండి." ఆమె కూడా నవ్వేస్తుంది. నవ్వుతూనే వాళ్ళ చేతుల వంకా, జేబుల వంకా చూస్తుంది. అనుమానం ఆమె వృత్తి, వృత్తిమీద ఆమెకు గౌరవం ఉంది.

ఇవాళ పొద్దున కూతురు మాణిక్యాన్ని బడిలో దింపుతున్నప్పుడు జరిగిందే ఇప్పుడు లోపల తొలుస్తోంది. బడి సరిగ్గా సముద్రపుగోడ కిందే ఉంటుంది. "అమ్మా, గోడకి చెమట పట్టింది చూడు," అంది మాణిక్యం ముచ్చటగా. చూసింది. గోడ అడుగున చెమ్మ నిన్నటికంటే వెడల్పయింది. వేలు పెట్టి చూసుకుంటే వేలికి బురద అంటింది. ఆ గోడ కట్టడంలో తట్టలు మోసిన మనిషి నూకరత్నం తండ్రి. ఆయన ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు: తేటనీళ్ళు కారితే గోడకు చెమట, బురదనీళ్ళు కారితే గోడ కడుపు కరుగుతున్నట్టు. రేపు పున్నమి పోటు.

అక్కడ కావలివాడు కుర్చీలో కూర్చుని వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాడు.

"బురదొస్తోంది, చూశావా?"

"చూశానమ్మా. బురదే."

"పైకి చెప్పావా?"

"చెప్పాను. పైవాళ్ళు కూడా వచ్చి చూసుకున్నారు. బురదే అన్నారు." అంటూనే ఓ గుప్పెడు కాయలు ఆమె చేతిలో పోశాడు.

ఇవన్నీ ఒక ఎత్తు, తన గుండె తీరు ఒక ఎత్తు. బురద అంటిన ఆ వేలు చూసుకుంటూ నిలబడ్డప్పుడు, నెలకిందటైతే కాళ్ళు వణికి అక్కడే కూలబడేది. ఇవాళ గుండె ఓసారి గట్టిగా కొట్టుకుని ఊరుకుంది. చెమ్మ పెరిగింది, తన భయం తగ్గింది. రెండూ ఒకేసారి ఎందుకు జరుగుతున్నాయి? గోడ సంగతి బయటపడకుండా తన నోరు నొక్కాలని చూస్తున్నారా? ఆ ఆలోచన రాగానే కంపమాని విప్పి బల్లమీద పెట్టి, అద్దం తలుపు తోసుకుని తిన్నగా హైమవతి గదిలోకి వెళ్ళింది.

"గోడ సంగతి మీకు తెలుసా అండి?"

దొంగకు తేలు కుట్టినట్టు అవుతుందేమోనని ఆవిడ మొహం వంకే చూసింది. హైమవతి టీలో చక్కెర కలుపుకుంటోంది.

"తెలుసండి. రేపటి పోటుకు ఆగకపోవచ్చని ఇంజనీర్లు చెప్పారు."

"ఆగకపోతే?"

"ఆగకపోతే నీళ్ళు వస్తాయి కదండీ." చెంచా తీసి సాసరులో పెట్టింది. "కావాలంటే ఊరి వెనక ఎత్తుదిబ్బ ఎక్కమని జనానికి చెప్పాం. ఎవరూ తొందరపడడం లేదు."

నూకరత్నానికి ఒళ్ళు మండిపోయింది. ఆవిడ దాచిపెడుతుందని వచ్చింది, ఆవిడేమో అడగ్గానే చెప్పేసింది! దొంగైతే పట్టుకోవచ్చు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్న మనిషిని ఏమని పట్టుకోవాలి?

"అసలు బూర కొట్టించండి!"

"నెమ్మది తాగినవాళ్ళకు బూరయినా ఒకటే, పెళ్ళిబాజా అయినా ఒకటే."

"అయితే రేపు ఒక్కపూట నెమ్మది ఆపండి. పట్టపగలు, దారి కనబడుతుంది, జనం పరిగెత్తుతారు."

హైమవతి టీ ఓ గుక్క తాగింది. "వెనకటి ఉప్పెనలో నీళ్ళు మింగినవాళ్ళకంటే దిబ్బ మెట్లమీద తొక్కిసలాటలో పోయినవాళ్ళే ఎక్కువ. మా అమ్మ అక్కడే పోయింది. అందుకే కదా ఈ నెమ్మది పెట్టారు." తల్లి చావును, రేపటి వంట ఏమిటో చెప్పినంత తేలిగ్గా చెప్పింది. "ఆపడం నా చేతిలో లేదండి. మీ ముల్లు పడుకుంటే ఇవాళ్టి కషాయం వెళుతుంది. పడుకోకపోతే వెనకటి కషాయం ఉన్న నిలవతొట్టి తెరుస్తాం. ఎలాగైనా తెల్లారేసరికి కుళాయిలో నెమ్మది ఉంటుంది. మీరు కంగారు పడకండి. అదే, పడండి. మీ పని అదే కదా!" అని నవ్వింది.

నూకరత్నం కషాయం కాచే కాపుశాల వైపు నడిచింది. అక్కడ లింగయ్య ఉంటాడు. అసలు పేరు లిన్. వాళ్ళ తాత చైనా కొండల్లోంచి మొక్కలు పట్టుకుని ఈ తీరానికి వచ్చాడు, గోడవాడ నోళ్ళలో పడి మనవడు లింగయ్య అయ్యాడు. వేయించి కచ్చాపచ్చాగా దంచిన రేగుగింజలు, ఎండిన దిరిసెన పువ్వు, తామరగింజ గుండిగల్లో పడి ఉన్నాయి. పొయ్యి ఇంకా వెలిగించలేదు. పక్కన చాటలో కొక్కెంతీగ ముక్కలు: ముక్కముక్కకూ గాలాల్లాంటి రెండు కొక్కేలు. వెనకటి చైనావాళ్ళు దాన్ని కషాయాల్లో వాడేవారట. ఇక్కడ పండేది గోడవాడ కోసమే మార్చి పెంచిన రకం. రేగుగింజ నిద్ర తెస్తుంది, దిరిసెన దిగులు తీస్తుంది, బెదురును లాగిపారేసేది మాత్రం ఈ కొక్కెమే.

"లింగయ్య బాబాయ్, కొక్కెం ఎప్పుడూ ఆఖర్నే వేస్తావెందుకు?"

"ఎక్కువ ఉడికితే సచ్చిపోద్దమ్మా దాని గుణం. గుండిగ దింపే ముందు వెయ్యాలి, రెండు పొంగులు రానిచ్చి దింపెయ్యాలి. మా తాత కర్రుచ్చుకుని నేర్పాడు."

"ముందే వేస్తే?"

"రంగు అదే, చేదు అదే, వాసనా అదే. పని మాత్రం ఉండదు. ఉత్త కషాయం."

అతని చేతిలో గరిటె ఉంది. ఆమె చుట్టూ ఓసారి చూసి, గొంతు తగ్గించింది. "ఇవాళ ముందే వెయ్యి బాబాయ్."

"ఎందుకూ?"

చెప్పింది. గోడ, బురద, బడి, పున్నమి. లింగయ్య అంతా విని, ఇంట్లో ఉప్పు నిండుకుందని విన్నట్టు తలాడించాడు. "సరేలే, వేసేత్తాను."

ఎంత తేలిగ్గా అన్నాడో! ఆమెకే భయమేసింది. "దొరికితే నీ ఉద్యోగం పోతుంది. జైల్లో పెట్టినా పెడతారు."

"పెడితే పెడతారు. బెదురేముందమ్మా?"

పాతికేళ్ళుగా నెమ్మది తాగుతున్న మనిషి. పైవాళ్ళన్నా బెదురు లేదు, రూలన్నా బెదురు లేదు. రూలు తప్పమని అడిగినవాడే ఇన్నేళ్ళుగా లేడు. నెమ్మదిమీద నూకరత్నానికి జీవితంలో మొదటిసారి కాస్త మంచి అభిప్రాయం కలిగింది.

"కానీ ఓ మాట," అన్నాడు లింగయ్య. "హైమమ్మగారు ఎప్పుడు వేశావని అడిగితే చెప్పేత్తాను. అబద్ధమాడ్డానికీ కాస్త భయం ఉండాలి కదా, నాకది లేదు."

అడగకూడదని మొక్కుకోవడమే. అయితే అసలు చిక్కు అక్కడ లేదు. ఉత్త కషాయం ఆవిరి పడితే తన ముల్లు పడుకోదు. బూర మోగగానే లేచి కూర్చుంటుంది, నిలవతొట్టి తెరుస్తారు, రేపు ఊరంతా చిరునవ్వుతో మునిగిపోతుంది. తను ఎంత నటించినా మొహం నటిస్తుందిగానీ రక్తం నటించదు.

దిక్కుతోచక అన్నంక్యారియరు పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. తినాలని కాదు. ఎవరు పెడుతున్నారన్న ప్రశ్న మళ్ళీ తలలో దూరింది. క్యాంటీను గుమ్మం ఎప్పుడూ తొక్కదు. నీళ్ళు తన బిందెలోవే, తన చేత్తో మూత పెట్టినవే. లోపల వాసనలకు ముక్కు ఎప్పుడో మొద్దుబారింది, కానీ పెరట్లో సముద్రపుగాలి ఉంది. గిన్నెలు ఒక్కొక్కటే తీసి గాలికి పట్టి వాసన చూసింది. అన్నం, అన్నమే. పులుసు, పులుసే. మజ్జిగసీసా మూత తీసింది. అల్లం. కరివేపాకు. వాటి అడుగున, నక్కి కూర్చున్నట్టు, వేయించిన రేగుగింజ.

సీసా నింపింది కొండబాబు. ఆమె మొగుడు. రోజూ మజ్జిగ చిలికేది అతనే.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా! ఈ మధ్య అతని తీరు చూస్తూనే ఉంది. తలుపు గడియ ఓసారి వేసి, మళ్ళీ లేచి చూసి వస్తాడు. పిల్ల దగ్గితే ఉలిక్కిపడతాడు. తను దగ్గరికి వెళితే సీసా వెనక్కి జరుపుతాడు. పైవాళ్ళు ఎంత ఆశ చూపారో? అతనికి ఫోను చేసింది.

"నా మజ్జిగలో ఏం కలుపుతున్నావ్?"

"నెమ్మది," అన్నాడు కొండబాబు, తడుముకోకుండా.

"ఎవరు కలపమన్నారు?"

"ఎవరంటారే? పొద్దున కుళాయి దగ్గర నా గ్లాసులో సగం తాగి, సగం నీకు తెస్తున్నాను. ముంగిట్లో కూర్చుని గోడ వంక చూస్తా ఎన్ని రాత్రుళ్ళు గడిపేవో నీకు తెలీదు. మనిషివి ఎండిపోతున్నావు. చూడలేకపోయాను."

ముంచుకొచ్చిన కోపం ఎటూ పోలేక కళ్ళలోకి వచ్చింది. ఎవరూ కుట్ర పన్నలేదు. ఊరు ఊరంతా ఆమెమీద జాలిపడుతోంది, అంతే. ఆ జాలికి ఆమె భయం చుక్కచుక్కగా కారిపోతోంది. ఇవాళ ముల్లు గీత అంచుమీద ఆగింది. ఎల్లుండికి ఆమె కూడా వేరుశనక్కాయలు వలుచుకుంటూ కూర్చుంటుంది. ఊళ్ళో భయపడడానికి ఒక్క మనిషైనా మిగలదు.

అప్పుడు సీసా వంక మళ్ళీ చూసింది.

ఇది ఆవిరి కాదు, తాగే మందు. అలవాటు లేని ఒంట్లో మర్నాటిదాకా నిలుస్తుంది. ఇన్నాళ్ళూ పైతేట నాలుగు గుక్కలు తాగి వదిలేస్తేనే ముల్లు బద్ధకించింది, మడ్డితో సహా తాగితే ఇక లేవనే లేవదు. ఇది తాగి పరీక్షకు కూర్చుంటే ముల్లు పడుకుంటుంది, కషాయం ఉత్తదైనా సరే. కషాయమే పడుకోబెట్టిందనుకుంటారు. రేపు తెల్లారి ఊరంతటికీ భయం వస్తుంది. అందరికీ వస్తుంది, తనకు తప్ప.

రేపు తను కదలకపోతే? బడి గంట కొట్టారు కదా అని పిల్లకు జడ వేసి పంపిస్తే? మెట్లమీద తొక్కిసలాట కూడా గుర్తొచ్చింది. హైమవతి తల్లి లాంటివాళ్ళు రేపు ఎందరుంటారో, ఆ పాపం ఎవరి నెత్తిన పడుతుందో. పోటు పొద్దెక్కాకగానీ రాదు, పొద్దు పొడిచేసరికే జనానికి తెలివొస్తుంది, తొక్కుకోనక్కర్లేనంత వ్యవధి ఉంటుంది. ఉంటుందనే అనుకోవాలి.

"ఏమే, ఉన్నావా?" అన్నాడు ఫోనులో కొండబాబు.

"ఉన్నాను. ఒక మాట విను. రేపు పొద్దున నీకు భయమేస్తే సిగ్గుపడకు. పిల్లనీ నన్నూ తీసుకుని దిబ్బ ఎక్కెయ్."

అతను పకపకా నవ్వాడు. "నాకు భయమేంటే, పిచ్చిదానా!"

"వెయ్యకపోతే మానెయ్. వేస్తే మాత్రం ఎక్కు," అంది. ఫోను పెట్టేసి, సీసా గట్టిగా గిలకొట్టి, అడుగున తేరిన మడ్డితో సహా గటగటా తాగేసింది.

మధ్యాహ్నం దుప్పటి కప్పారు. ఆవిరిలో రేగు, దిరిసెన, కొక్కెం అన్నీ ఉన్నాయి, ఏదీ తప్పు పట్టేందుకు లేదు. అద్దం అవతల హైమవతి రోజూ అడిగే మాటే లింగయ్యను అడిగింది. "కొక్కెం పడిందా?"

"పడిందండి," అన్నాడు లింగయ్య.

"ఎప్పుడు?" అంటుందేమోనని నూకరత్నం దుప్పటికింద ఊపిరి బిగబట్టింది. బిగబట్టినంతసేపూ, ఆ బిగువు దానంతటదే సడలిపోవడం ఆమెకు తెలుస్తోంది. కాలి చెప్పు వదులైనట్టు. పట్టుకో, పట్టుకో అనుకుంది. మాణిక్యం మొహం తలుచుకుంది. బురద తలుచుకుంది. అన్నీ గుర్తున్నాయి, ఒక్కటీ గుచ్చుకోవడం లేదు.

హైమవతి ఇంకేమీ అడగలేదు. బూర మోగింది. ముల్లు లేవనేలేదు.

"భేష్! ఈ మధ్య ఇంత మంచి కాపు పడలేదు," అంది హైమవతి. కింద తొట్టి తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడింది.

తెల్లవారింది. నూకరత్నం హాయిగా లేచి, ముంగిలి ఊడ్చి, బియ్యం కడగడానికి కూర్చుంది. వీధికుళాయి దగ్గర జనం మామూలుగానే గ్లాసులు పట్టుకుని తాగారు, మామూలుగానే ఇళ్ళకు పోయారు. కాసేపటికి పక్కింట్లో ఏదో గిన్నె కిందపడింది. ఎవరో "అమ్మో!" అన్నారు. ఆ మాట గోడవాడలో విని ఎన్నాళ్ళయిందో. కావలివాడు చెప్పులు కూడా లేకుండా గోడ దగ్గరనుంచి పరిగెత్తుకొస్తున్నాడు. అరుస్తున్నాడు. తలుపులు తెరుచుకుంటున్నాయి, అందరూ అటే చూస్తున్నారు, చూసినవాళ్ళు చూసినట్టే బిగుసుకుపోయి, ఒక్కసారిగా కదులుతున్నారు. ముసలివాళ్ళను ఎత్తుకుంటున్నారు. "పిల్లలు ముందు! పిల్లలు ముందు!" అని ఎవరో కేకలు వేస్తున్నారు. అది హైమవతి గొంతులాగే ఉంది. ఆవిడ గొంతు అలా పగలడం నూకరత్నం ఎన్నడూ వినలేదు. పాపం, ఏమైందో.

మాణిక్యం లేచి కూర్చుని వెక్కివెక్కి ఏడుస్తోంది. పుట్టి బుద్ధెరిగాక ఆ పిల్ల అలా ఏడవగా చూడలేదు. "అమ్మా, గోడ! అమ్మా!"

"చూశానమ్మా," అంది నూకరత్నం. నిజమే, ఈ పూట ఏదో చెయ్యాలని నిన్న అనుకుంది. అదీ గుర్తుంది. ఎసరు పెట్టేసి చూద్దాంలే అనిపించింది. బియ్యంలో మట్టిగడ్డ కనబడితే ఏరి పారేసింది.

కొండబాబు గుమ్మంలోకి వచ్చిపడ్డాడు. మొహాన నెత్తురు చుక్క లేదు. పిల్లను గుంజి భుజాన వేసుకున్నాడు. "లే రత్నం! లేవ్వే! నీళ్ళొచ్చేస్తాయి!"

"ఉండు, బియ్యం..." అని అతని మొహంలోకి చూసింది. ఎంత వింతగా ఉందో ఆ మొహం. ఇన్నేళ్ళూ అద్దంలో తను చూసుకున్న మొహమే. "నాకేం భయంగా లేదయ్యా."

"నాకుంది కదే," అన్నాడు కొండబాబు ఏడుస్తూ, ఆమె తడిచెయ్యి పట్టుకుని లాగుతూ. "ఇద్దరికీ అది చాలు. పద!"